బొంగరం కాలి కోసం ప్రార్థన

కప్పు గెలిచాం, పళ్లికిలించి ఫొటో దిగాం, అంతవరకూ మీకు తెలుసు. ఆ ఫొటోలో ఒక మూల కాలికి కట్టుతో కూర్చున్న ఏడో తరగతి పిల్ల సంగతి మొదలుపెట్టి, పోయిన వారం ధైర్యం చాలక అక్కడితో ఆపేశాను. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఆ పాపం మళ్లీ ఒకసారి చెప్పుకుంటాను. మాది క్రైస్తవ బడి. ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లల ఆటలన్నీ నా చేతిలోనే ఉంటాయి. బడి పెట్టిన పెద్దలు ఆ మూడు తరగతులకీ ఒకే ఒక్క నియమం పెట్టిపోయారు. ప్రాక్టీసుకి వచ్చిన ప్రతి పిల్లా ప్రతి మ్యాచ్‌లోనూ ఒక క్వార్టరైనా, అంటే నాలుగో వంతు ఆటైనా, ఆడాలి. ఆట వచ్చినా రాకపోయినా దేవుడి ముందు అందరూ ఒకటే. దెబ్బ తగిలినవాళ్లకి మాత్రమే మినహాయింపు.

ఈ పిల్లకి బంతి అందితే ఎటు వెయ్యాలో తోచక ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అందుకే పిల్లలు దాన్ని బొంగరం అంటారు. బాస్కెట్‌బాల్ ఫైనల్లో దాన్ని దింపితే కప్పు చెయ్యి జారిపోతుందని నాకు భయం పట్టుకుంది. పదకొండేళ్లుగా ఈ బడికి ఒక్క కప్పూ తేలేదు మరి. మ్యాచ్ షీటులో దాని పేరు పక్కన 'చీలమండ బెణికింది' అని రాశాను. "నాకేం నొప్పి లేదు టీచర్" అంది. "ఉందనుకో" అని చెప్పి నా చేతులతో నేనే కట్టు కట్టాను. పక్క బెంచీ మీద మా టీము కెప్టెన్ బూటు తాళ్లు బిగించుకుంటోంది. రెండు పాయింట్ల తేడాతో గెలిచాం.

నేను మరిచిపోయింది ఒక్కటే. మా బడిలో దెబ్బ తగిలిన పిల్లల పేర్లు ఆ షీటులోంచి తిన్నగా పాస్టరు గారి బల్ల మీదికి వెళతాయి. సోమవారం అసెంబ్లీలో ఆరొందల మంది వాళ్ల కోసం ప్రార్థన చేస్తారు. పదకొండేళ్లుగా ఆ షీట్లు పంపుతున్నది నేనే. అయినా ఆ రోజు నా బుద్ధి గడ్డి తిని, ఆ సంగతే గుర్తుకు రాలేదు. మూడు సోమవారాలు ప్రార్థన జరిగింది. మూడు వారాలూ బొంగరం కుంటింది.

ఆ మూడో వారం బుధవారం మధ్యాహ్నం ఆటల గదిలో బంతులకి గాలి కొడుతున్నాను. గది అంటే గదీ కాదు. మెట్ల కింద మిగిలిపోయిన జాగాకి తలుపు పెట్టారు, అంతే. ఒక పక్క వలలు, ఒక పక్క చిరిగిన బూట్లు, మధ్యలో నేను. తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. చూస్తే బొంగరం వాళ్లమ్మ. ఆవిడ బట్టలు కుడుతుంది, మా టీముల యూనిఫారాలన్నీ ఆవిడ చేతివే. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. మిషను మీంచి లేచి తిన్నగా వచ్చేసినట్టుంది.

"టీచర్ గారూ, ఒక్క నిమిషం."

"రండమ్మా, కూర్చోండి."

ఆవిడ కూర్చోలేదు. "మా దానికి ఏం జబ్బో మీరే చెప్పాలి," అంది.

"ఏమైందమ్మా?"

"బడి గేటు దగ్గర్నుంచి మా సందు మలుపు దాకా కుంటుతుంది. మలుపు తిరిగిందంటే మామూలు నడకే. ఇంట్లో మూడు అంతస్తుల మెట్లూ రెండేసి చొప్పున ఎక్కేస్తుంది. ఇలా మనుషుల్ని బట్టి వచ్చే బెణుకు ఏ డాక్టరు చూశాడండీ?"

ఇంకెప్పుడైనా అయితే పకపకా నవ్వేదాన్ని. పంపు పిడి పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"నిన్న మేడ మీద ఆరేసిన బట్టలు తెమ్మంటే గంతులేసుకుంటూ పోయింది. మరి ఈ కట్టేంటే అని నిలదీశాను. బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది తప్ప నోరు విప్పలేదు. ఒళ్లు మండి రెండు అంటించాను. అయినా చెప్పలేదు. రోజూ రాత్రి ఆ కట్టు ఉతికి ఆరేసుకుంటుంది, పొద్దున్నే మళ్లీ కట్టుకుంటుంది. ఇంక నాకే అర్థమైపోయింది టీచర్ గారూ. ఫైనల్లో ఆడటానికి భయపడి మీకు అబద్ధం చెప్పింది. మీరు పాపం నమ్మేశారు."

మీరు పాపం నమ్మేశారు. ఆ మాట విన్నాక నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఆవిడ మాత్రం నా మొహం చూసి నాకు కోపం వచ్చిందనుకుంది. రెండు చేతులూ జోడించింది.

"పాస్టరు గారు, పెద్ద టీచర్లు, వేలెడంత పిల్లలు, అందరూ దీని కాలి కోసం మోకాళ్ల మీద కూర్చున్నారంటే నాకు తల కొట్టేసినట్టుంది. నా పెంపకంలోనే ఉంది లోపం. మిషను గోలలో పడి పిల్ల ఏమైపోతోందో చూసుకోలేదు. మీరు పెద్దమనసు చేసుకుని క్షమించాలి."

ఆవిడ నాకు దణ్ణం పెట్టింది. నాకు! ఆ క్షణంలో 'అబద్ధం నాదమ్మా' అని ఉంటే రెండు మాటల్లో తేలిపోయేది. ఆ రెండు మాటలూ గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడ్డాయి. చివరికి నేనన్న మాటేమిటో వినండి.

"పిల్లల్ని కొట్టకూడదమ్మా," అన్నాను.

ఎంత గొప్ప నీతి చూశారా! చెంపలు వాయించుకోవాల్సిన మనిషి ఎదురుగా నిలబడి సుద్దులు చెబుతోంది, ఆ తల్లి తలొంచుకుని వింటోంది.

"నిజమేనండీ, చెయ్యి చేసుకోకుండా ఉండాల్సింది," అంది ఆవిడ. "శుక్రవారం దీన్ని స్టేజి మీదికి పిలుస్తారట కదా? కాలు బాగైందని సాక్ష్యం చెప్పమన్నారట. ఉన్నమాట పాస్టరు గారికి నేనే చెప్పేద్దామనుకున్నాను. ముందు మీ చెవిన వెయ్యకపోతే బాగోదని వచ్చాను."

సాక్ష్యం సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. లేని బెణుకుని దేవుడు తగ్గించాడని ఆ పిల్ల మైకులో చెప్పాలన్నమాట. నేను చెప్పిన అబద్ధం నా ఒక్కదానితో ఆగలేదు. ఒక పిల్ల కాలికి ఎక్కింది, ఇప్పుడు నోటికీ ఎక్కబోతోంది.

"మీరేం తొందరపడకండి. పాస్టరు గారితో నేను మాట్లాడతాను," అన్నాను.

"మీ దయ," అని ఆవిడ కదిలింది. వెళుతూ వెళుతూ బెంచీ మీదున్న ఒక జెర్సీ చేతిలోకి తీసుకుంది. "ఇదిగో, ఇక్కడ కుట్టు ఊడింది. సాయంత్రం మా దానిచేత పంపించండి, వేసిస్తాను." ఆవిడ గుమ్మం దాటాక చూసుకుంటే, ఒకే బంతికి గాలి కొట్టీ కొట్టీ రాయిలా చేసి పెట్టాను.

గురువారం ఆటల పీరియడ్లో మా కెప్టెన్ మిగతా పిల్లల చేత డ్రిబ్లింగ్ చేయిస్తోంది. కెప్టెన్ అంటే ఎనిమిదో తరగతి పొడుగుపిల్ల, మాట తక్కువ, ఆట ఎక్కువ. బొంగరం మెట్ల మీద కాలు చాపుకుని కూర్చుని అందరి బంతులూ లెక్కపెడుతోంది. దాన్ని గోడ చాటుకి పిలిచాను. కుంటుకుంటూ వచ్చింది.

"నా దగ్గర కూడా ఎందుకే కుంటడం?"

"ఎవరైనా చూస్తారేమోనని టీచర్."

"ఇన్నాళ్లుగా ఎందుకు కుంటుతున్నావసలు? నేను కట్టింది ఆ ఒక్కరోజు కోసమే కదా."

అది నా మొహంలోకి చూసింది. వెటకారం లేదు, నిష్ఠూరం లేదు. "ఉందనుకో అన్నారు కదా టీచర్. ఎప్పటిదాకా అనుకోవాలో చెప్పలేదు," అంది.

నేను దాని ఎదురుగా గోడ పక్కన కూర్చున్నాను.

"అమ్మ కొట్టిందట కదా."

"గట్టిగా కాదులెండి."

"అమ్మకైనా చెప్పొచ్చు కదే తల్లీ."

"చెప్తే ఇంకేమైనా ఉందా! మీ మీదకి వచ్చేస్తుంది. మా అమ్మ నోరు మీకు తెలీదు టీచర్. కరెంటు మీటరు చూసే ఆయన కూడా మా గుమ్మం ముందు మెల్లగా మాట్లాడతాడు." అని కిసుక్కున నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. "నాకు ఒక్క సంగతికే భయమేస్తోంది టీచర్."

"దేనికి?"

"సోమవారం అందరూ కళ్లు మూసుకుంటారు కదా, నేను మూసుకోను. ఒకటో తరగతి పిల్లలు కూడా నా కాలి కోసం అడుగుతుంటారు. నా కాలు బాగానే ఉందని దేవుడికి తెలుసు కదా. అంతమంది ఒకేసారి అడుగుతుంటే ఆయనకి ఏం చెయ్యాలో తోచదేమో. నిజంగా నొప్పి ఉన్నవాళ్ల వంతు నా వల్ల వెనక్కి పోతుందేమో."

పన్నెండేళ్ల పిల్ల, దేవుడి ఇబ్బంది కూడా తనే ఆలోచిస్తోంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. విజిలు తాడు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. అప్పుడు అసలు అడగాల్సిన మాట అడిగాను.

"ఆ రోజు నీకు ఆడాలని ఉందా?"

"ఉంది టీచర్. మిషను ఆపేసి అమ్మ చూడ్డానికి వచ్చింది. ఒక్క క్వార్టరే కదా, గిర్రున తిరక్కుండా ఉండేదాన్ని. మేడ మీద వారం రోజులు ప్రాక్టీసు చేశాను. బంతి రాగానే ముందు కెప్టెన్ అక్క ఎక్కడుందో చూడాలని కాగితం మీద రాసుకున్నాను కూడా."

వారం రోజులు! అది మేడ మీద ఒంటరిగా బంతి పట్టుకోవడం నేర్చుకుంటున్నప్పుడు, నేను ఇక్కడ దాన్ని ఎలా తప్పించాలా అని ఆలోచిస్తున్నాను. ఆ రోజు దానికి ఒక క్వార్టరు ఇచ్చి ఉంటే గెలిచేవాళ్లమో ఓడేవాళ్లమో ఎవరికి తెలుసు? తెలుసుకునే దారి కూడా లేకుండా చేసింది నేనే.

"ఇవాళే పాస్టరు గారికి చెప్పేస్తాను," అన్నాను. "తప్పు నాది. రేపు నువ్వు స్టేజి ఎక్కక్కర్లేదు."

"చెప్తే కప్పు ఇచ్చెయ్యాలా?"

"ఇచ్చెయ్యాలి. షీటులో అబద్ధం రాసి గెలిచాం కదా."

"మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేస్తారా?"

"అది నీకెందుకే? పెద్దవాళ్ల గొడవ పెద్దవాళ్లు చూసుకుంటారు."

"వద్దు టీచర్. అక్కలందరూ ఏడుస్తారు. నేను రేపటి నుంచి కుంటడం ఆపేస్తాను. స్టేజి మీద ఏదో ఒకటి చెప్పేస్తాను."

"దేవుడి ముందు అబద్ధం చెప్తావా?" అని గద్దించి, నాలుక కరుచుకున్నాను. ఎవరు ఎవర్ని గద్దిస్తున్నారు! దాని తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చాను. "నేను చెప్తాను. ఇది నా మాట." నరం లేని నాలుక కదా, మాటివ్వడం దానికేం కష్టం?

బడి వదిలాక పాస్టరు గారి గదికి వెళ్లాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాట వల్లించుకుంటూనే ఉన్నాను. ఆయనకి డెబ్బై దాటింది. కిటికీ పక్కన కూర్చుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, లావుపాటి నోటుపుస్తకం తిరగేస్తున్నారు.

"రండి సిస్టర్, మీ కోసమే అనుకుంటున్నాను. నూరేళ్లు మీకు," అన్నారు. "ఈ పుస్తకం చూశారా? ముప్పై ఏళ్లుగా మనం ఎవరెవరి కోసం ప్రార్థన చేశామో అన్నీ ఇందులో ఉన్నాయి. బాగైనవాళ్ల పేరు పక్కన టిక్కు పెడతాను. టిక్కు లేని పేర్లూ ఉన్నాయి లెండి. మా ఆవిడ పేరు కూడా ఉంది."

ఆవిడ పోయి ఆరేళ్లు.

"ఆవిడ పోయాక ఈ పుస్తకం తెరవడం నాకు అలవాటు ప్రకారం చేసే పని అయిపోయింది. ఎవరికీ చెప్పలేదు. పాస్టరు ఇలాంటివి ఎవరికి చెప్పుకుంటాడు?" అని నవ్వారు. "మొన్న కిటికీలోంచి చూశాను. ఆ పాప చుట్టూ ఎవరూ లేరనుకుని నాలుగడుగులు గబగబా వేసింది, ఏమాత్రం కుంటలేదు. నేను ఆరేళ్ల తర్వాత పెన్ను తీసి మనస్ఫూర్తిగా టిక్కు పెట్టాను సిస్టర్. చిన్నదే, చీలమండే. కానీ నాకు చాలా పెద్దది."

పుస్తకం నా వైపు తిప్పి చూపించారు. పేరు పక్కన గట్టిగా ఒత్తి పెట్టిన టిక్కు. కాగితం అవతలి వైపుకి కూడా ముద్ర పడింది.

"మీరేదో చెప్పడానికి వచ్చినట్టున్నారు?"

"ఏం లేదండీ," అన్నాను. "రేపు అసెంబ్లీకి మైకు సరిగ్గా ఉందో లేదో కనుక్కుందామని."

ఆయన మీద జాలిపడి ఆగిపోయానని ఆ రోజు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇంత జాలి ఫైనల్ రోజు ఏమైందో మరి! ఇంటికి వెళితే మా అత్తగారు కప్పు ఫొటోని ఫోనులో చుట్టాలందరికీ పంపి, ఎవరెవరు మెచ్చుకున్నారో ఒక్కొక్కటే చదివి వినిపించింది. మా ఆయన "నీ మొహమేంటి, ఓడిపోయిన టీములా ఉంది?" అన్నాడు. తలనొప్పి అన్నాను. అబద్ధాల్లో అది ఎన్నోదో లెక్క కూడా పెట్టుకోలేదు.

శుక్రవారం హాలు కిటకిటలాడింది. తల్లిదండ్రులకి వెనక కుర్చీలు వేశారు. బొంగరం వాళ్లమ్మ చివరి వరసలో కూర్చుంది. నేను మాట్లాడతానన్నానని నమ్మి, నోరు మూసుకుని వచ్చి కూర్చుంది పాపం. నేను స్టేజి పక్కన నిలబడ్డాను. పేరు పిలవకముందే నేనే వెళ్లి మైకు అందుకోవాలి. ఈ పాట అయిపోగానే వెళ్లాలి అనుకున్నాను. పాట అయిపోయింది. ప్రిన్సిపాల్ మేడం ప్రకటనలయ్యాక వెళదాం అనుకున్నాను. ప్రకటనలూ అయిపోయాయి. నా కాళ్లకి బెణుకు లేదు, కట్టు లేదు, అయినా ఒక్క అడుగు పడలేదు.

పాస్టరు గారు పేరు పిలిచారు. మొహమంతా వెలుగుతో నిలబడి ఉన్నారాయన.

బొంగరం ఏడో తరగతి వరసలోంచి లేచింది. నా వైపు ఒకసారి చూసింది. మాటిచ్చిన మనిషి కదులుతుందేమోనని చూసిందో, కదలదని అప్పటికే తెలుసో. వంగి కట్టు విప్పి కుర్చీ మీద పెట్టి, మెట్లు మామూలుగా ఎక్కింది. ఆ నడక చూసి చిన్నపిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు. అది చెయ్యి ఎత్తి ఆపింది.

"నా కాలికి ఏమీ కాలేదు," అంది మైకులో. "ముందు నుంచీ ఏమీ కాలేదు. ఫైనల్లో ఆడటానికి భయమేసి నొప్పి అని టీచర్‌కి అబద్ధం చెప్పాను. మీరందరూ నా కోసం ప్రార్థన చేశారు. సారీ. పాస్టరు గారూ, సారీ. ఒకటో తరగతి వాళ్లకి కూడా సారీ."

పాస్టరు గారి మొహంలో వెలుగు ఆరిపోయింది. ఆయన మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. వెనక వరసలో ఆ తల్లి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిగ్గుతో చస్తోందో, కూతురు నిజం ఒప్పుకుందని ఊరట పడుతోందో, ఏదైనా సరే, అక్కడ జరుగుతున్నది మాత్రం నిజం కాదు. అది తెలిసినవాళ్లు ఆ హాల్లో ఇద్దరమే అనుకున్నాను.

ప్రిన్సిపాల్ మేడం నా వైపు తిరిగింది. "టీచర్, కట్టు కట్టింది మీరే కదా? కాలు చూసినప్పుడు మీకు తెలియలేదా?"

మైకు నా చేతిలోకి వచ్చింది. బొంగరం నా వైపే చూస్తూ, ఎవరికీ కనిపించనంత చిన్నగా, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"తెలియలేదు మేడం," అన్నాను.

ఆ మాట స్పీకర్లోంచి హాలంతా తిరిగి నా చెవికే వచ్చింది. బొంగరం అమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలింది. నన్ను కాపాడగలిగినందుకు సంతోషపడింది ఆ పిల్ల. ఇంతకంటే పెద్ద శిక్ష ఎవరూ నాకు వెయ్యలేరు.

"ఈ ఏడాదీ వచ్చే ఏడాదీ ఈ పాప ఏ టీములోనూ ఉండదు," అని ప్రిన్సిపాల్ మేడం ప్రకటించింది. "ఎవరికైనా ఏమైనా చెప్పాలని ఉందా?"

అది మాటవరసకి అడిగే ప్రశ్న. ఎవరూ జవాబు చెప్పరు. ఎనిమిదో తరగతి వరసలో ఒక చెయ్యి పైకి లేచింది. పొడుగుపిల్ల కదా, అంతమందిలోనూ ముందు ఆ చెయ్యే కనిపించింది. మా కెప్టెన్ లేచి నిలబడింది. దాని కళ్లు బొంగరం మీద లేవు, స్టేజి మీద లేవు. తిన్నగా నా మొహంలోకి చూస్తోంది.

"టీచర్‌కి తెలుసు మేడం," అంది.